హారన్ స్పీకర్లో పవిత్రమైనదేముంది?

హారన్ అనగానే మన హేతువాద మిత్రులకు తెల్లవారుజామున గుడి మీదో, మసీదు మీదో, చర్చి మీదో మోగే మైకు గుర్తొస్తుంది. బహిరంగ స్థలాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. వినేవాడు తక్కువ. మనం అర్జీలు పెడుతూనే ఉంటాం. అయితే ఈ వ్యాసం ఆ గోల గురించి కాదు. ఆ బూరనే ఇంట్లో పాటలు వినడానికి వాడుకునే వాళ్ళ గురించి. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ బూర చుట్టూ పెరిగిన ఒక కొత్త మతం గురించి.

మతం అన్నది పెద్ద మాటే. ఎందుకన్నానో చెబుతాను.

మాకు ఒక మాస్టారున్నారు. పేరు అనవసరం. ఫిజిక్స్ లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. నాలుక మీద కర్పూరం వెలిగించి, నిప్పుల మీద నడిచి, గాల్లోంచి విబూది తీసి చూపించి ఎన్నో ఊళ్ళలో పిల్లల భయం పోగొట్టిన మనిషి. నేను ఈ దారిలోకి వచ్చింది ఆయన చేయి పట్టుకునే. పాత ఘంటసాల పాటలంటే ఆయనకు ప్రాణం. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి హారన్ స్పీకర్లు కొనుక్కున్నారు. సంతోషమే. ఆ తర్వాత వాటికి తీగలు కొన్నారు. జత నలభై వేలు!

నన్ను పిలిచి వినిపించారు.

"ఏమయ్యా, మబ్బు విడిపోయినట్టు లేదూ?"

"మాస్టారూ, ఈ తీగలో ఏముందండీ?"

"రాగే. కానీ మామూలు రాగి కాదు. లోపలి స్ఫటికాలన్నీ ఒకే దిశలో ఉంటాయట. ఇదిగో, బాణం గుర్తు చూడు. కరెంటు అటు వైపే పోవాలి."

స్పీకరుకు పోయే కరెంటు సెకనుకు వందలసార్లు, వేలసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. దానికి బాణం గుర్తేమిటి? ఏసీ అంటే ఏమిటో ఇంటర్మీడియట్లో నాకు బోర్డు మీద గీసి చెప్పింది ఈయనే. ఆ సాయంత్రం నేనేమీ మాట్లాడలేదు. టీ తాగి వచ్చేశాను. మాట్లాడనందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. బాబా దగ్గరికి వెళ్ళే పక్కింటాయనతో గంటలకొద్దీ వాదించేవాణ్ణి, మన మనిషి దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకున్నాను.

ఇక అసలు విషయానికి వద్దాం. హారన్‌లో మహిమేమీ లేదు. లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే మహిమలు అమ్ముకునేవాడికి చోటుండదు.

బూర ఏం చేస్తుంది?

పొలం గట్టు మీద నిలబడి అవతలి గట్టు మీద మనిషిని పిలవాలంటే రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టి కేకేస్తాం. హారన్ చేసేదీ అదే.

మామూలు స్పీకర్లో కాగితపు కోను ముందుకీ వెనక్కీ కదిలి గాలిని నెడుతుంది. కోను బరువు, గాలి తేలిక. అరచేత్తో గాలిని కొట్టినట్టే ఉంటుంది, గాలి పక్కకు తప్పుకుంటుంది. అందుకే ఇళ్ళలో వాడే చాలా స్పీకర్లలో మనమిచ్చిన కరెంటులో ఒక శాతం కూడా శబ్దంగా మారదు. మిగతాదంతా వేడి. హారన్ తన ఇరుకైన గొంతు దగ్గర గాలిని తప్పించుకోనివ్వదు. అక్కడ ఒత్తిడి ఎక్కువ, కదలిక తక్కువ. గొంతు నుంచి నోటి దాకా మెల్లగా వెడల్పవుతూ పోయేసరికి ఒత్తిడి తగ్గి కదలిక పెరుగుతుంది. ఇది సైకిలు గేరు లాంటిది. ఎక్కడి నుంచో శక్తి పుట్టుకురాదు, ఉన్న శక్తి వృథా కాకుండా గాలికి అందుతుంది.

ఫలితం చిన్నది కాదు. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే మామూలు ఇంటి స్పీకరు 88 డెసిబెల్స్ ఇస్తుందనుకోండి. మంచి హారన్ 108 దాకా ఇవ్వగలదు. 20 డెసిబెల్స్ తేడా అంటే వంద రెట్ల పవరు. ఇందులో కొంత భాగం శబ్దాన్ని నలుదిక్కులా చిమ్మకుండా ఒక వైపుకే పంపడం వల్ల వస్తుంది. అదీ లెక్కే.

దీని చరిత్ర కూడా లెక్కల చరిత్రే. హారన్ సమీకరణాన్ని వెబ్‌స్టర్ 1919లో ప్రచురించాడు. 1924లో హన్నా, స్లేపియన్ ఎక్స్‌పొనెన్షియల్ హారన్ లెక్క తేల్చారు. 1926 నాటికి బెల్ ల్యాబ్స్‌లో వెంట్, థురాస్ సినిమా హాళ్ళకు పనికొచ్చే కంప్రెషన్ డ్రైవర్ తయారుచేశారు. మన తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఆ కాలపు ఆంప్లిఫయర్లు ఇచ్చేది కొద్ది వాట్లు. ఆ కొద్ది వాట్లతోనే హాల్లో చివరి బెంచీవాడికి కూడా మాట వినిపించాలి. అందుకే హారన్. అవసరం కొద్దీ పుట్టిన ఉపాయం ఇది. ఇవాళ అదే ఉపాయాన్ని "ఆనాటి మహర్షుల రహస్యం" అన్న ధోరణిలో లక్షలకు అమ్ముతున్నారు.

మూల, వాస్తు

హారన్‌తో చిక్కంతా బేస్ దగ్గరే. 40 హెర్ట్జ్ దాకా దిగే ఎక్స్‌పొనెన్షియల్ హారన్ కావాలనుకుందాం. గాలిలో ధ్వని వేగం సెకనుకు 344 మీటర్లు. 40 హెర్ట్జ్ తరంగం పొడవు 8.6 మీటర్లు. గుండ్రటి నోటి చుట్టుకొలత కనీసం అంత ఉండాలి. అంటే నోరు అడ్డంగా 2.7 మీటర్లు! గొంతు 300 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే పొడవు 3.6 మీటర్లు వస్తుంది. మన ఇళ్ళలో దాన్ని పెడితే మనుషులు బయట పడుకోవాలి.

పాల్ క్లిప్ష్ 1940లలో దీనికి చక్కని దారి చూపాడు. పెట్టెను గది మూలలో పెట్టాడు. రెండు గోడలూ నేలా కలిసి హారన్‌కు కొనసాగింపు అవుతాయి. అప్పుడు నోటి వైశాల్యం ఎనిమిదో వంతు చాలు. మన లెక్కలో పొడవు కూడా 2.2 మీటర్లకు తగ్గుతుంది, దాన్ని మడతలు పెట్టి పెట్టెలో ఇమడ్చవచ్చు.

నేను మొదట చేయించింది ఇలాంటి మూల పెట్టెనే. మా ఇంట్లో ఖాళీగా ఉన్నది ఈశాన్యం మూల. మా పెద్దమ్మ చూసి, "ఈశాన్యంలో అంత బరువా నాయనా? ఇంటికి అరిష్టం" అంది. నేను పకపకా నవ్వాను. మూల ఎందుకు కావాలో కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఆమె మూల నమ్మకం, నా మూల లెక్క అని గర్వపడ్డాను. ఆ గర్వం ఎన్నాళ్ళు నిలిచిందో తర్వాత చెబుతాను.

శుద్ధి, మైల

ఆ మూల పెట్టెను ఇల్లు మారినప్పుడు వదిలేయాల్సి వచ్చింది. కొత్త ఇంట్లో ఖాళీ మూలే లేదు. రెండోసారి వేరే దారి పట్టాను. ముందు పొట్టి హారన్, కింద పోర్టు ఉన్న పెట్టె. ఇది కొత్త సంగతేమీ కాదు. ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ 1945 నుంచి సినిమా హాళ్ళకు అమ్మిన 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' స్పీకర్లది ఈ పద్ధతే. ఊఫర్ ముందున్న పొట్టి హారన్ బేస్ పై భాగాన్ని చూసుకుంటుంది. అంతకంటే కిందికి దిగాక ఆ పొట్టి హారన్ వల్ల ఉపయోగం లేదు. అక్కడ పెట్టెకున్న రంధ్రం, అంటే పోర్టు, పని అందుకుంటుంది.

పోర్టు ఎలా పనిచేస్తుంది? ఖాళీ సీసా మూతి మీద ఊదితే బుయ్‌మని ఒక స్వరం వస్తుంది కదా, అదే. పెట్టెలో గాలి స్ప్రింగు, పోర్టులో గాలి బరువు. నా పెట్టె లోపలి ఖాళీ 250 లీటర్లు. పోర్టు వైశాల్యం 300 చదరపు సెంటీమీటర్లు, చివర్ల సవరణ కలిపి పొడవు 25 సెంటీమీటర్లు. హెల్మ్‌హోల్ట్జ్ సూత్రంలో వేస్తే 38 హెర్ట్జ్ వస్తుంది. వడ్రంగి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో కోసి ఇచ్చాడు. కొలిస్తే 38కి అటూ ఇటూగానే వచ్చింది. వడ్రంగికి ధ్వనిశాస్త్రం తెలియదు, పెట్టెకు ఏ పూజా చేయలేదు, అయినా సూత్రం పనిచేసింది. సైన్సు అంటే ఇదే కదా!

ఇందులో లోపాలూ ఉన్నాయి. 38 కిందికి పోతే పోర్టులోంచి వచ్చే శబ్దం కోను శబ్దానికి ఎదురు తిరుగుతుంది. కోనుకు పట్టు పోయి విచ్చలవిడిగా ఊగుతుంది. ముందే ఫిల్టరు పెట్టి ఆ కింది స్వరాలను ఆపకపోతే ఊఫర్ పాడవుతుంది. ఇదంతా 1960, 70లలో థీల్, స్మాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎవరైనా లెక్క వేసుకునేంత తేటగా రాసి పెట్టారు.

ఈ పెట్టె చూసి ఒక హారన్ భక్తుడు ముక్కు మూసుకున్నంత పని చేశాడు. "పోర్టా? ఇది శుద్ధమైన హారన్ కాదండీ. కల్తీ" అన్నాడు. లోపం ఎక్కడ, ఎన్ని హెర్ట్జ్ దగ్గర, ఎంత అని అడిగితే జవాబు లేదు. ఆయన అభ్యంతరం శబ్దం మీద కాదు, కలయిక మీద. రెండు కులాలు కలిశాయని బాధపడే మనిషి ముఖంలో కనపడేదే ఆయన ముఖంలోనూ కనపడింది. శుద్ధి, మైల అనే జబ్బు మన దేశంలో ప్లైవుడ్ పెట్టెనూ వదలలేదు!

పవిత్రమైన వంపు

పై స్వరాలకు వాడేది కంప్రెషన్ డ్రైవర్. లోపల పలచటి డయాఫ్రం, దాని ఎదుట ఫేజ్ ప్లగ్. ప్లగ్గులోని చీలికల మొత్తం వైశాల్యం చాలా డ్రైవర్లలో డయాఫ్రంలో పదో వంతు ప్రాంతంలో ఉంటుంది. గాలి అక్కడే నొక్కుకుంటుంది. పేరు అందుకే వచ్చింది. ఆ చీలికలు అలంకారం కోసం కాదు. 10,000 హెర్ట్జ్ తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లే. డయాఫ్రం అంచు నుంచి వచ్చే శబ్దమూ, మధ్య నుంచి వచ్చే శబ్దమూ గొంతు దగ్గరికి వేర్వేరు దూరాలు నడిచి వస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చీలికలు ఆ దారులను సమానం చేస్తాయి.

అయితే ఎక్స్‌పొనెన్షియల్ హారన్‌కు ఒక పెద్ద జబ్బుంది. స్వరం పైకి పోయేకొద్దీ శబ్దం సన్నని దారలా మారుతుంది. నడిమి కుర్చీవాడికి తాళాల మోత, పక్క కుర్చీవాడికి గొణుగుడు. దశాబ్దాల పాటు దీన్ని భరించారు, ఎందుకంటే పుస్తకాల్లో ఆ వంపే ఆదర్శం. 1975లో డి.బి. కీల్ అనే ఇంజనీరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో ఒక పత్రం చదివాడు. దాని పేరును తెలుగులో చెప్పాలంటే: "ఎక్స్‌పొనెన్షియల్ హారన్లలో అంత పవిత్రమైనదేముంది?" ఈ వ్యాసానికి పేరు అక్కడి నుంచే తెచ్చుకున్నాను. ఆయన వంపు మార్చాడు, శబ్దం అన్ని స్వరాల దగ్గరా ఒకే వెడల్పులో పరుచుకునేలా చేశాడు. బదులుగా కొంత వదులుకోవాల్సి వచ్చింది. అడుగు స్వరాల దగ్గర పట్టు తగ్గింది, పై స్వరాలను విడిగా పెంచుకోవాల్సి వచ్చింది. ఏం వచ్చిందో, ఏం పోయిందో రెండూ లెక్క చెప్పడం ఇంజనీరు లక్షణం. వచ్చింది మాత్రమే చెప్పేవాడు దళారి.

గమనించండి, ఆ పవిత్రమైన వంపును ప్రశ్నించింది బయటివాడు కాదు, ఆ రంగంలోనే పనిచేసేవాడు. ప్రశ్నించినందుకు ఎవరూ ఆయన్ను వెలివేయలేదు. మతానికీ సైన్సుకీ తేడా ఇక్కడుంది.

"సైన్సుకు అన్నీ తెలుసా?"

ఇక భక్తుల వాదన చూద్దాం. "కొలతలకు అందనిది చెవికి అందుతుంది. సైన్సుకు అన్నీ తెలుసా?" ఈ మాట మనం ఎక్కడెక్కడ విన్నాం? జ్యోతిష్కుడి దగ్గర విన్నాం. హోమియో డాక్టరు దగ్గర విన్నాం. ఇప్పుడు తీగలమ్మేవాడి దగ్గర వింటున్నాం.

సైన్సుకు అన్నీ తెలియవు. నిజమే. ఒక్క గ్రాఫు చూసి స్పీకరు మంచిచెడ్డలు తేల్చేయడం కూడా తప్పే. ఎదుటి నుంచి చక్కగా కొలతకొచ్చిన హారన్ పక్క నుంచి ఘోరంగా ఉండొచ్చు. నోటి అంచు దగ్గర ప్రతిధ్వని పుట్టి ముక్కుతో పాడినట్టు వినపడొచ్చు. స్పీకర్ల మధ్య తేడాలు నిజంగా పెద్దవి. మన సందేహవాదులు కొందరు "అన్నీ ఒకటే, అంతా భ్రమ" అని కొట్టిపారేస్తారు. అదీ అజ్ఞానమే.

తీగకూ తేడా ఉంటుంది. ఎప్పుడు? సన్నగా, పొడుగ్గా ఉన్నప్పుడు. అర స్క్వేర్ ఎం.ఎం. రాగి తీగ పది మీటర్లు లాగితే రానూ పోనూ 0.7 ఓమ్ వస్తుంది. 8 ఓమ్‌ల స్పీకరుకు అది దాదాపు ముప్పాతిక డెసిబెల్ నష్టం. ఇంటి వైరింగుకు వాడే రెండున్నర స్క్వేర్ ఎం.ఎం. తీగ వేయండి, నష్టం 0.15కు పడిపోతుంది. కథ అక్కడితో అయిపోయింది. ఇంకో సంగతి. రోహిణి కార్తెలో గది 35 డిగ్రీలకు వేడెక్కితే ధ్వని వేగం 352కు పెరిగి నా పోర్టు 38 నుంచి దాదాపు 39 హెర్ట్జ్‌కు జరుగుతుంది. ఈ మార్పు నిజం, లెక్కకు అందేది. దీనికి మాత్రం ఎవడూ నలభై వేల మందు అమ్మడు!

చెవికి అందుతుందంటారా, సరే, చెవినే అడుగుదాం. కళ్ళు మూసి అడుగుదాం. టూల్, ఆలివ్ అనే పరిశోధకులు 1994లో ఇదే చేసి చూపించారు. అవే స్పీకర్లు, అవే చెవులు. చూస్తూ విన్నప్పుడు ఇచ్చిన మార్కులు వేరు, తెర వెనక పెట్టి వినిపించినప్పుడు ఇచ్చిన మార్కులు వేరు. 2007లో జేమ్స్ రాండి పన్నెండడుగుల జత 7,250 డాలర్లు పలికే తీగలను మామూలు తీగల నుంచి చెవితో గుర్తుపడితే తన పది లక్షల డాలర్ల బహుమతి ఇస్తానన్నాడు. ఆ పరీక్ష జరగనేలేదు.

మోసం ఎప్పుడూ బయటివాడిదే కాదు. ఇందాక గర్వం గురించి చెబుతానన్నాను కదా. నా క్రాసోవర్‌లో కెపాసిటర్లు మారిస్తే మాధుర్యం వస్తుందని ఎవరో చెబితే ఆరు వేలు పెట్టి జత కొన్నాను. ఒక సాయంత్రం కూర్చుని మార్చాను. అబ్బ, ఏం మాధుర్యం! రెండు వారాలు మురిసిపోయాను. ఒకరోజు టేబుల్ సొరుగు తెరిస్తే ఒక కొత్త కెపాసిటర్ అక్కడే ఉంది. ఆ రాత్రి కరెంటు పోతే, కుడి పెట్టెది రేపు చూద్దాంలే అని మరిచిపోయాను. మార్చింది ఎడమ పెట్టెలో మాత్రమే. మాధుర్యం రెండు పెట్టెల్లోనూ విన్నాను! పెద్దమ్మ ఈశాన్యం గుర్తొచ్చింది. ఆమె నమ్మకానికి కనీసం డబ్బు ఖర్చు కాలేదు.

సొరుగులో ఆ కెపాసిటర్ దొరికాకే మాస్టారి దగ్గరికి మళ్ళీ వెళ్ళే ధైర్యం వచ్చింది. ముందు నా కథ చెప్పాను. చాలాసేపు నవ్వారు. అప్పుడు అడిగాను, "మాస్టారూ, మీ తీగను కూడా చూద్దామా?"

ఒప్పుకున్నారు. నియమాలు ఆయనే రాశారు. ఆయన తీగ, నేను తెచ్చిన వైరింగు తీగ. రెండింటితోనూ శబ్దం స్థాయి సమానంగా ఉందని మీటరుతో చూశాం. తెర వెనక ఆయన మనవడు నాణెం ఎగరేసి తీగ మార్చాలి, మాట్లాడకూడదు, కాగితం మీద రాసుకోవాలి. మొత్తం పదహారు సార్లు. పన్నెండు సరిగా చెబితే తేడా ఉన్నట్టు ఒప్పుకుందాం అనుకున్నాం. ఊరికే ఊహించి చెప్పేవాడు పన్నెండో అంతకు మించో సాధించే అవకాశం నూటికి నాలుగు కంటే తక్కువ. ఆయనకు బాగా తెలిసిన పాటే పెట్టాం.

ఏడు వచ్చాయి.

చాలాసేపు కాగితం వంక చూసి, "నాణెం చెప్పినా ఎనిమిది వచ్చేవి కదయ్యా" అన్నారు. నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఆ తర్వాత నెల రోజులు ఫోను చేయలేదు. ఒక మనిషికి తాను మోసపోయానని తెలిసినప్పుడు, అందులోనూ జీవితమంతా ఇతరుల మోసాలు బయటపెట్టిన మనిషికి, ఆ నెల ఎలా గడిచి ఉంటుందో ఊహించగలను.

తర్వాత ఆయనే ఫోను చేశారు. ఎత్తగానే, "నీ పోర్టు పొడవులో చివర్ల సవరణ కలిపావా, లేదా?" అని అడిగారు. మా మాస్టారు తిరిగొచ్చారని అప్పుడర్థమైంది. ఇప్పుడు ఊళ్ళకు వెళ్ళేటప్పుడు ఆయన సంచిలో కర్పూరంతో పాటు ఆ నలభై వేల తీగ కూడా ఉంటోంది. "ఇది చదువుకున్నవాళ్ళ తాయెత్తు, నేనే కట్టుకున్నాను" అని పిల్లలకు చూపిస్తున్నారు. నిప్పుల మీద నడవడం కంటే ఇది కష్టమైన పని.

అబ్రహాం కోవూర్ 1963లో మహిమలు చూపినవారికి లక్ష రూపాయలని సవాలు విసిరారు. నా దగ్గర లక్ష లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి డ్రైవర్లు కొని, వడ్రంగితో కోయించి, చేత్తో ఇసుక కాగితం పట్టి చేసుకున్న హారన్ పెట్టెల జత ఉంది. తెర వెనక తీగలు మారుస్తాను, పదహారింటిలో పన్నెండు చెప్పండి. అది గాలివాటం కాదని తేల్చుకోవడానికి మరునాడు మళ్ళీ అంతే చెప్పండి. పెట్టెలు మీవి. బండి కిరాయి నాది. చెప్పలేకపోతే మీరివ్వాల్సిందేమీ లేదు. టీ తాగి వెళ్ళండి, వెళ్ళేటప్పుడు పోర్టు లెక్క కాగితం పట్టుకెళ్ళండి.